సెకండ్ హ్యాండ్ కార్నెట్

"రెండో వాల్వ్ నొక్కకుండా దాని స్లైడ్ లాగి చూడండి, టప్‌మని శబ్దం రావాలి" అన్నారు బ్యాండ్‌లో పెద్దాయన, మా అమ్మాయి కోసం చూస్తున్న పాత కార్నెట్ (ట్రంపెట్‌లాంటి ఇత్తడి బూర) నా చేతికిచ్చి. వాల్వ్ అంటే వేలితో నొక్కే మీట, స్లైడ్ అంటే దానికి తగిలించి ఉండే, బయటికి లాగగల గొట్టం. లాగాను. టప్! వాల్వులో గాలి బిగువుగానే నిలుస్తోంది. హమ్మయ్య.

ఇంగ్లండ్‌లోని ఈ యార్క్‌షైర్‌లో పిల్లలకు బ్రాస్ బ్యాండ్ (ఇత్తడి వాయిద్యాల బృందం) వాళ్లే వాయిద్యం అరువిస్తుంటారు. మా అమ్మాయికి మాత్రం సొంతది కావాలి. పేరున్న బెస్సన్ కంపెనీ సావరిన్ మోడల్ కొత్త కార్నెట్ ధర వింటేనే గుండె గుభేల్‌మంది. ఆన్‌లైన్‌లో ఊరూపేరూ లేని కొత్తవి చవగ్గా ఉన్నాయి కానీ, పాడైతే రిపేరు చేసేవాళ్లు దొరకడం కష్టం. అందుకే ఈ పాత యమహా కార్నెట్. లక్కర్ (పైపూత) అక్కడక్కడా లేచిపోయింది, బెల్ (గంటలా విచ్చుకున్న కొస) అంచున చిన్న సొట్ట. ఆ సొట్టతో పెద్ద నష్టం లేదు. అదే వాల్వులు అరిగితే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

మిగిలిన డబ్బుతో డెనిస్ విక్ కంపెనీ మౌత్‌పీస్ (పెదవులు ఆనించి ఊదే భాగం) తీసుకున్నాం, కప్పు లోతుగా ఉండేది. దాంతో ఊదితే ట్రంపెట్‌లా చురుక్కుమనదు, గుండ్రంగా, మెత్తగా పలుకుతుంది. ఇక్కడి బ్యాండ్లలో పది దాకా కార్నెట్లు ఉంటాయి, అన్నీ ఒకే గొంతులా కలవాలి కదా!

థర్డ్ కార్నెట్ (పాటలో మూడో భాగం వాయించేవాళ్ల) వరుసలో మా అమ్మాయికి చోటిచ్చారు. పిల్ల ఆనందం చూడాలి! ఇంక వాల్వ్ ఆయిల్ ఒక్కటే కొనాలి.