బహుమతి బండికీ పన్ను తప్పదు
పర్లాకిమిడిలో మనవాళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు నింపిపెట్టే నన్ను జులై వచ్చిందంటే ఎవరో ఒకరు అడుగుతారు: "గోవా క్యాసినోలో పేకాడి గెలిచింది కూడా చూపించాలా బాబూ?" చూపించాలి. పోకర్ గెలుపుపై 30 శాతం పన్ను, ఆ పన్ను మొత్తం మీద అదనంగా వేసే 4 శాతం సెస్సు కలిసి 31.2 శాతం అవుతుంది. మిగతా ఆదాయం ఎంత తక్కువైనా ఈ సొమ్ముకు ప్రాథమిక మినహాయింపు (పన్ను పడని కనీస ఆదాయ పరిమితి) వర్తించదు, ప్రయాణ ఖర్చులనూ ఓడిన డబ్బునూ తీసివేయడానికి వీల్లేదు. ఇది కటువైన నియమమేనని నా అభిప్రాయం.

లక్కీడ్రాల సంగతి మరింత చిక్కు. ఒకాయనకు దసరా డ్రాలో 90,000 రూపాయల మోటారుసైకిలు తగిలితే, తాళం ఇచ్చేముందు 30 శాతం పన్ను కింద 27,000 కట్టమన్నారని అది మోసమనుకున్నారు. నిజానికి వస్తురూపంలో ఇచ్చే బహుమతికి పన్ను కట్టినట్టు నిర్ధారించుకున్నాకే అప్పగించాలని చట్టం ఇచ్చేవారినే బాధ్యులను చేసింది. ఆ సొమ్ము తన పాన్ మీద జమైందో లేదో ఫారం 26ఏఎస్‌లో (మన పేరిట జమైన పన్నుల పట్టికలో) చూసుకుని, సెస్సు 1,080 రూపాయలు ఆయన విడిగా కట్టాలి.

నగదు బహుమతికి, 2025 ఏప్రిల్ 1 నుంచి, ఒక్కో చెల్లింపు 10,000 దాటితేనే ముందస్తు కోత (ఇచ్చేవారే పన్ను పట్టుకుని మిగతాది ఇవ్వడం, టీడీఎస్) ఉంటుంది; కోత లేనంత మాత్రాన పన్ను లేనట్టు కాదు. ఇలాంటి గెలుపులుంటే ఐటీఆర్-1 అనే సాదా రిటర్ను ఫారం పనికిరాదు. జీతగాళ్లయితే ఐటీఆర్-2 వేయాలి.