స్పిల్ టైమింగ్ నేర్పిన మాస్టారు

డీజిల్ మెకానిక్ ట్రేడులో చేరేనాటికే మా బ్యాచ్‌లో సగం మంది స్కూటర్లు విప్పి బిగించినవాళ్లు. స్పార్క్ ఎప్పుడు రావాలో తేల్చే పాయింట్ల గ్యాప్ ఫీలర్ గేజి అనే పల్చటి రేకుతో చూడటం, పాయింట్లు విడిపోగానే వెలిగేలా బల్బు తగిలించి మార్కు కలపడం, టైమింగ్ అంటే మాకు అంతే. వర్క్‌షాపు మూలనున్న నాలుగు సిలిండర్ల పాత ట్రాక్టర్ ఇంజను దగ్గరికొచ్చేసరికి ఆ విద్య ఎందుకూ పనికిరాలేదు. దానికి స్పార్క్ ప్లగ్గే లేదు. సిలిండర్లో నొక్కుకుపోయిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఆ డీజిల్‌ని పంపు ఎప్పుడు కొడుతుందన్నదే అక్కడ టైమింగ్. పంపు నుంచి కారే డీజిల్ ధార ఆగే చోటు చూసి దాన్ని పెట్టడమే స్పిల్ టైమింగ్.

మాస్టారు ముందు ఫ్లైవీల్ (క్రాంకు షాఫ్టు చివరుండే బరువైన చక్రం) తిప్పించేవారు. దాని మీద ఒకటో సిలిండర్ మార్కు కనబడగానే "వచ్చేసింది సార్" అని అరిచేవాళ్లం. "ఏ స్ట్రోకు మీద వచ్చిందిరా?" అనేవారు తాపీగా. క్రాంకు రెండు చుట్లు తిరిగితే పంపు ఒక్క చుట్టే తిరుగుతుంది. మార్కు మాత్రం కంప్రెషన్లో ఒకసారి, ఎగ్జాస్టులో ఒకసారి కనబడుతుంది. వాల్వ్ కవర్ తీసి నాలుగో సిలిండర్ చూడమనేవారు. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండే వరస) 1-3-4-2 కాబట్టి, అక్కడ ఒక వాల్వు మూసుకుంటూ ఇంకోటి తెరుచుకుంటుంటే ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద ఉన్నట్టు.

అసలు పని పంపు దగ్గర. ఒకటో ఎలిమెంటు (పంపులో ఒకటో సిలిండర్‌కి డీజిల్ కొట్టే భాగం) పైనున్న డెలివరీ వాల్వు, స్ప్రింగు తీసి, హోల్డర్ మళ్లీ బిగించి, హంస మెడలా వంగిన స్వాన్ నెక్ పైపు పెట్టాలి. మాది కొన్నది కాదు, పాత హైప్రెషర్ పైపు వంచి చేసిందే. డీజిల్ ఎంత వెళ్లాలో మార్చే ర్యాకు ఫుల్ వైపు ఉంచి పైనుంచి డీజిల్ వదిలితే పైపు కొసన ధార కడుతుంది. అప్పుడు ఫ్లైవీల్‌ని ఇంజను తిరిగే దిశలోనే మెల్లగా నెట్టాలి. పంపులో డీజిల్‌ని నెట్టే ప్లంజరు లేచి, డీజిల్ వచ్చే రంధ్రం, అంటే పోర్టు, మూసేకొద్దీ ధార దారంలా సన్నబడి తెగుతుంది, చుక్కలు మొదలవుతాయి. చుక్కల మధ్య ఎడం పెరిగి, ఇక ఆగినట్టే అనిపించే చోట ఇంజెక్షన్ మొదలు. అక్కడ ఫ్లైవీల్ మీది డిగ్రీలు మాన్యువల్‌తో సరిచూసి, తేడా ఉంటే పంపుని ఇంజనుకి కలిపే కప్లింగ్ జరపాలి. దాటిపోతే కొంచెం వెనక్కి లాగి సరిపెట్టడం ఆయన దగ్గర కుదిరేది కాదు. గేర్ల పళ్ల మధ్య ఆట ఉంటుంది కదా, పావు చుట్టు వెనక్కెళ్లి మళ్లీ రమ్మనేవారు.

ఓసారి మా పక్క గ్రూపుకి ధార ఎంతకీ తెగలేదు. పంపు అరిగిపోయిందని తీర్మానించేశారు. మాస్టారు వచ్చి ఏమీ అనకుండా వేలితో ర్యాకు తోశారు. అది స్టాప్ వైపు ఉండిపోయింది! అలా ఉంటే ప్లంజరు నిలువు గాడి పోర్టుకి ఎదురుగా ఉంటుంది, ప్లంజరు ఎంత లేచినా డీజిల్ దాంట్లోంచి పోతూనే ఉంటుంది.

తర్వాత గోదావరి జిల్లాలో నేను పనిచేసిన షెడ్డులో టైమింగ్ చెవితోనే పెట్టేవారు. పంపు కాస్త అడ్వాన్స్ చేసి, టకటకమని గట్టిగా కొడితే "పికప్ వచ్చింది" అనేవారు. రైతు కూడా సంతోషపడేవాడు. నాకు మాత్రం ఆ పద్ధతి ఇప్పటికీ గిట్టదు. ఆ చప్పుడు బలం కాదు, పిస్టన్లకీ బేరింగులకీ పడే దెబ్బ. సార్వా దమ్ముల్లో కేజ్ వీల్స్ వేసుకుని బురదలో రోజంతా లాగితే ఆ సంగతి బయటపడుతుంది. మరీ లేటైతే తెల్లపొగ, లాగుడు ఉండదు. చెవికి ఇవ్వాల్సిన మర్యాద వేరే చోట ఉంది. ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేస్తూ, ఎక్కడ చప్పుడు మారలేదో విని, ఏ సిలిండర్ పనిచెయ్యడం లేదో పట్టుకోవడానికి దాన్ని మించింది లేదు.

2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకి ట్రెమ్-4 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాయి. కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ కలిపి ఒకే హైప్రెషర్ పైపు) ఉన్న బళ్లలో టైమింగ్ ఈసీయూ అనే కంప్యూటర్ చూసుకుంటుంది. పాత పంపు ఇంజన్లు మాత్రం ఊళ్లలో ఇంకా చాలానే ఉన్నాయి. వాటి మీద చెయ్యి వేసే జూనియర్లు డెలివరీ వాల్వు తీశాక దాన్ని గుడ్డతో తుడవొద్దు, పీచు అంటుకుంటుంది. శుభ్రమైన డీజిల్లో కడిగి పెట్టండి. డీజిల్ పైపుల్లో చిక్కిన ఎయిర్ పూర్తిగా తీశాకే సెల్ఫ్ కొట్టండి.