కొత్తవాడ జంపఖానాల ఆన్‌లైన్ దుకాణం: వానాకాలం నుంచి దసరా దాకా పని లెక్క

వరంగల్ కొత్తవాడలోని నేతకారుల వద్ద జంపఖానాలు (నేల మీద పరిచే నూలు తివాచీలు) కొని, ఉద్యోగం ముగిసిన సాయంత్రాల్లోనూ ఆదివారాల్లోనూ వాటిని సొంత వెబ్‌సైట్ ద్వారా అమ్ముతూ, వాటి గురించి తెలుగులో బ్లాగు నడుపుతున్నాను. 2025 వానాకాలం మొదలుకొని దసరా దాకా ఈ పనిలో వచ్చిన మార్పులను ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఇలాంటి చిన్న దుకాణం పెట్టాలనుకునే వారికి పనికివస్తాయన్న ఉద్దేశంతో కొలతలు, ఖర్చులు కూడా ఇస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిల్చిన మార్పు ప్యాకింగులో వచ్చింది. నూలు జంపఖానా బరువైన వస్తువే అయినా, కొరియర్ వారు చూసేది తూకం ఒక్కటే కాదు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే ఘనపరిమాణ బరువును అసలు బరువుతో పోల్చి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే రుసుము వేస్తారు. నాలుగు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు గల జంపఖానా నా కాటా మీద రెండున్నర కిలోల లోపే తూగుతుంది. దాన్ని చాపలా చుట్టి అట్ట చుట్టినప్పుడు కట్ట కొలత సుమారు 126, 13, 13 సెంటీమీటర్లు అవుతుంది; అంటే లెక్కలోకి వచ్చే బరువు 4.3 కిలోలు, అర కిలో మెట్ల ప్రకారం చెల్లించేది 4.5 కిలోలకు. అదే జంపఖానాను వెడల్పు వైపు మూడు మడతలు, పొడవు వైపు ఆరు మడతలు వేసి గట్టిగా నొక్కి కడితే కొలత 42, 32, 10 సెంటీమీటర్లకు దిగుతుంది. లెక్కలోకి వచ్చే బరువు 2.7 కిలోలు, చెల్లించేది మూడు కిలోలకు. మడత గీతలు పడతాయన్న భయంతో చుట్టి పంపడమే మర్యాద అని చాలామంది అనుకుంటారు గానీ, నూలు జంపఖానాను రెండు రోజులు నేల మీద పరిచి ఉంచితే ఆ గీతలు వాటంతటవే పోతాయి. ఈ మాటను చిన్న చీటీ మీద అచ్చు వేయించి ప్రతి పార్సెల్లోనూ పెడుతున్నాను.

ఈ తేడా ఎంత ముఖ్యమో ఒక్క వస్తువు లెక్క చూస్తే తెలుస్తుంది. జీఎస్టీ కాకుండా 2,000 రూపాయలకు అమ్మే జంపఖానాకు నేతకారునికి 1,350 చెల్లిస్తాను. లోపలి ప్లాస్టిక్ కవరు, గోనె గుడ్డ, టేపు, చీటీ కలిపి 45 అవుతుంది. మూడు కిలోల పార్సెల్‌కు కొరియర్ సుమారు 200 తీసుకుంటుంది. కొనుగోలుదారు కార్డుతో చెల్లిస్తే పేమెంట్ గేట్‌వే, అంటే ఆన్‌లైన్ చెల్లింపులు వసూలు చేసిపెట్టే సంస్థ, రెండు శాతం చొప్పున 40 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 47 పట్టుకుంటుంది. యూపీఐ ద్వారా నేరుగా బ్యాంకు ఖాతాకు పంపితే ఆ కోత ఉండదు. కార్డు చెల్లింపులో మిగిలేది సుమారు 358. అర కిలో పెరిగినప్పుడల్లా 30 రూపాయలు పెరిగే రేటులో, చుట్టి పంపితే అదనంగా పడే 90 రూపాయలు ఆ మిగులులో నాలుగో వంతును తినేస్తాయి. నేతకారునికి ఇచ్చే ధర తగ్గించి లాభం పెంచుకోవడం నాకు ఇష్టం లేదు, కాబట్టి టేపు కొలతతో కుస్తీ పట్టడమే మార్గం.

వానాకాలంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. నూలు తేమను పీల్చుకుంటుంది. తడి గాలిలో మడిచి కట్టిన జంపఖానా నాలుగైదు రోజుల ప్రయాణంలో వాసన పట్టే ప్రమాదం ఉంది. మడిచే ముందు ఫ్యాను కింద పరచి పూర్తిగా ఆరబెట్టడం, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేయడం, ప్లాస్టిక్ కవరును టేపుతో పూర్తిగా మూసివేయడం ఈ సీజనంతా క్రమం తప్పకుండా జరిగాయి.

ఫొటోల విషయం రంగుతో మొదలై రంగుతోనే తేలింది. ట్యూబులైటు కింద తీసిన ఎరుపు ఫోనులో ఒక తీరుగా, చేతికి వచ్చాక మరొక తీరుగా కనిపిస్తుంది. ఇప్పుడు ఉత్తరపు కిటికీ పక్కన ఉదయపు వెలుతురులోనే తీస్తున్నాను. పక్కన తెల్ల కాగితం ఒకటి పెట్టి, ఫొటోలో ఆ కాగితం తెల్లగా కనిపించే దాకా వైట్ బ్యాలెన్స్ సరిచేస్తాను. ఒక్కో వస్తువుకు నాలుగు చిత్రాలు చాలు: మొత్తం పరిచినది, అంచు, వెనుక వైపు, మనిషి పక్కన ఉన్నది. వెనుక వైపు చిత్రం చాలామంది అమ్మకందారులు పెట్టరు. కానీ కొనేవారికి అసలు సమాచారం అక్కడే ఉంది. రంగు నూలుతో నేసిన జంపఖానా రెండు వైపులా ఒకేలా ఉంటుంది, తెల్ల జంపఖానా మీద అచ్చు వేసినదానికి వెనుక రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. రెండూ మంచి సరుకే, ధర మాత్రం వేరు.

ఎంత సరిచేసినా అద్దకం మారితే రంగు మారుతుంది. ఒకే డిజైనులో రెండో విడత సరుకు కొంచెం ముదురుగా వచ్చినప్పుడు, మగ్గం మీద కూర్చున్న పెద్దాయన తేలిగ్గా అన్నాడు: "ఒక్క తీరుగ ఎట్లొస్తది సారూ, నీళ్లు మారితె రంగు మారుతది. ఆ ముచ్చట కొనేటోళ్లకు ముందుగాలనే చెప్పరాదు?" ఆ సలహా ప్రకారం ప్రతి వస్తువు పేజీలో అద్దకం విడతను రాస్తున్నాను. నిర్ణయించుకోలేని వారికి ఆ విడత నూలు పోగులను కవరులో పంపుతున్నాను. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపివేశారు కనుక ఆ కవర్లు కూడా ఇప్పుడు స్పీడ్ పోస్టులోనే వెళుతున్నాయి.

ఇక బ్లాగు సంగతి. దుకాణం ఒక పని, రాత మరొక పని అనుకున్నంత కాలం రెండోది ఎప్పుడూ వెనుకబడుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే పార్సెల్‌కు గడువు ఉంటుంది, వ్యాసానికి ఉండదు. అందువల్ల ఈ దఫా పద్ధతి మార్చాను. ఫోనులో, వాట్సాప్‌లో వచ్చే ప్రతి ప్రశ్నను ఒక నోటుబుక్కులో అడిగినవారి మాటల్లోనే రాసుకుంటాను. ఒకే ప్రశ్న మూడోసారి వచ్చిందంటే అది ఆ వారపు వ్యాసం. శీర్షిక కూడా వారి ప్రశ్నే. దీనివల్ల ఏం రాయాలన్న వెతుకులాట పోయింది, మళ్లీ అదే ప్రశ్న వస్తే జవాబుగా లింకు పంపితే సరిపోతోంది. కాకతీయుల కాలం నుంచి మొదలుపెట్టి వరంగల్ వైభవం మీద రాసే వ్యాసాలు చదవడానికి బాగుంటాయి గానీ, జంపఖానా ఉతకవచ్చా అన్న వ్యాసానికి ఉన్న గిరాకీ వాటికి లేదు.

ఆ ఉతుకుడు వ్యాసం రాయడానికి ముందు నేనే ఒకదాన్ని ఉతికి చూశాను. తడిపిన తెల్ల గుడ్డతో మూలన రుద్ది రంగు అంటుతుందా లేదా చూడడం, చన్నీళ్లు, తక్కువ సబ్బు, పిండకుండా నీరు కార్చడం, నీడలో ఆరబెట్టడం అనేవి క్రమం. ఆరు అడుగుల పొడవు ఉతికాక సుమారు రెండు అంగుళాలు తగ్గింది. ఆ సంగతిని కొలత పక్కనే రాశాను. తరువాత ఎక్కువ మంది అడిగింది, గీతల జంపఖానాకూ బొమ్మల జంపఖానాకూ ధరలో అంత తేడా ఎందుకని. గీతలదైతే పేక (అడ్డపోగు) నూలు పడుగు (నిలువు పోగుల) మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక్క తీరుగా సాగుతుంది. బొమ్మ ఉన్నచోట ప్రతి రంగు పేక తన హద్దు వరకే వెళ్లి, పక్క రంగు పేకతో మెలిక వేసుకుని వెనక్కి తిరగాలి, ఆ తరువాత పంజాతో (దువ్వెన లాంటి పనిముట్టుతో) కొట్టి బిగించాలి. ఈ వరుసను మాటల్లో చెప్పడం కష్టం కనుక, మగ్గం దగ్గర అర నిమిషం వీడియో తీసి వ్యాసంలో పెట్టాను. ఫొటోలను 1200 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫైలు రూపంలో పెట్టడం వల్ల పల్లెల్లో, తక్కువ సిగ్నల్ ఉన్నచోట కూడా పేజీ తెరుచుకుంటోంది.

కాగితాల పని గురించి క్లుప్తంగా చెబుతాను. వేరే రాష్ట్రాలకు పంపే చేతివృత్తుల వస్తువులకు జీఎస్టీ నమోదులో మినహాయింపు ఉన్నప్పటికీ, బిల్లు అడిగే హోటళ్ల వారి కోసం నమోదు చేసుకున్నాను; టర్నోవర్ ఐదు కోట్ల లోపు ఉన్నవారికి మూడు నెలలకొకసారి రిటర్ను వేసే వెసులుబాటు ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన 48 గంటల్లోగా అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అందుకోసం వెబ్‌సైట్‌లో ప్రత్యేక పేజీ పెట్టాను. వరంగల్ దర్రీలకు (జంపఖానాలకే మరో పేరు) 2018లో భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే జీఐ గుర్తు, వచ్చిన మాట నిజమే అయినా, 1999 నాటి చట్టం కింద అధీకృత వినియోగదారుగా నమోదైనవారే ఆ గుర్తును వాడుకోవాలి. నేను నమోదు కాలేదు కనుక నా లేబుళ్ల మీద ఆ ముద్ర లేదు; ఎక్కడ నేశారో మాత్రం రాస్తున్నాను.

దసరా ముందు ఆర్డర్లు ఒక్కసారిగా పెరగడంతో, సిద్ధంగా ఉన్న సరుకునూ నేయించి ఇవ్వవలసిన సరుకునూ వెబ్‌సైట్‌లో రెండు వేర్వేరు పేజీలుగా విడదీశాను. రెండో పేజీలో తేదీకి బదులు వారాల లెక్క ఇస్తున్నాను, ఎందుకంటే పండుగ రోజుల్లో మగ్గం ఆగుతుంది, ఆగాలి కూడా. 2026 జనవరి చివరి వారంలో మేడారం జాతర ఉంది. ఆ రోజుల్లో హనుమకొండ, ములుగు దారులన్నీ జనంతో నిండుతాయి, పార్సెల్ తీసుకువెళ్లే వారి రాక ఆలస్యమవుతుంది. కనుక జనవరి 20 తరువాత వచ్చిన ఆర్డర్లను ఫిబ్రవరి మొదటి వారంలో పంపుతామని డిసెంబరులోనే వెబ్‌సైట్‌లో పెట్టాలి. అంతకంటే ముందు ఆరు అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల పొడవు గల పెద్ద జంపఖానాకు మడత కొలతలు తేల్చాలి. నా కాటా మీద అది ఐదున్నర కిలోలకు పైగా తూగుతుంది, మూడు మడతల పద్ధతి దానికి కుదరడం లేదు. నాలుగు మడతలు వేసి కొలిచాక వచ్చే లెక్కను తరువాతి నమోదులో ఇస్తాను.