స్పార్క్‌స్టేషన్ 5 మీదికి నా ఆపరేటింగ్ సిస్టమ్

కొన్నేళ్లుగా అభిరుచి కొద్దీ రాసుకుంటున్న నా ఆపరేటింగ్ సిస్టమ్ మొదటినుంచీ 32 బిట్ల ఇంటెల్ ప్రాసెసర్ల మీదే నడిచింది. సన్ కంపెనీ స్పార్క్ ప్రాసెసర్‌తో చేసిన 1994 నాటి కంప్యూటర్ స్పార్క్‌స్టేషన్ 5 ఒకటి చేతికి అందడంతో, దాని మీద కూడా నడిపి తీరాలనిపించింది.

బూటింగ్ తొందరగానే కుదిరింది. ఆ యంత్రంలో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే ఓపెన్‌బూట్ అనే ప్రోగ్రామ్‌కు ‘బూట్ నెట్’ అని ఆదేశమిస్తే, అది ఆర్ఏఆర్‌పీ అనే నెట్‌వర్క్ ప్రోటోకాల్‌తో తన ఐపీ అడ్రసు తెలుసుకుని, టీఎఫ్‌టీపీ అనే ఫైల్ బదిలీ ప్రోటోకాల్‌తో నా కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగాన్ని) తెచ్చి, హెక్సాలో 4000 అడ్రసు దగ్గర లోడ్ చేసింది. ఇంటెల్‌కూ స్పార్క్‌కూ బైట్ల వరుస తలకిందులు కావడంతో ఫైల్ సిస్టమ్ కోడ్‌ను కొంత తిరగరాయవలసి వచ్చింది.

అసలు కష్టం రిజిస్టర్ విండోల దగ్గర, అంటే ఒక్కో ఫంక్షన్‌కు విడిగా దొరికే రిజిస్టర్ల (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వల) గుంపుల దగ్గర ఎదురైంది. స్పార్క్‌లో ఫంక్షన్ మొదట్లో ఉండే ‘సేవ్’ ఇన్‌స్ట్రక్షన్ రిజిస్టర్లను మెమరీలోకి పంపదు, ప్రాసెసర్‌లోనే మరో విండోకు మారుతుంది. ఖాళీ విండోలు అయిపోయినప్పుడు ఓవర్‌ఫ్లో ట్రాప్ వస్తుంది, అంటే ప్రాసెసర్ నడుస్తున్న పని ఆపి కెర్నల్‌లోని హ్యాండ్లర్ అనే కోడ్‌కు వెళ్తుంది. అప్పుడు అన్నిటికంటే పాత విండోలోని 16 రిజిస్టర్లను స్టాక్‌లో భద్రపరిచే బాధ్యత కెర్నల్‌దే. నేను రాసిన హ్యాండ్లర్ ఆ యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో ఏ లోపమూ లేకుండా పనిచేసింది. అసలు యంత్రం మీద మాత్రం, ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుస్తూ కొన్ని మెట్లు లోతుకు వెళ్లగానే ‘వాచ్‌డాగ్ రీసెట్’ అన్న సందేశంతో ఆగిపోయేది. ట్రాప్‌లను ఆపి ఉంచిన సమయంలో మరో ట్రాప్ వచ్చిందని దాని అర్థం.

ఎక్కడ ఆగుతోందో చూద్దామని హ్యాండ్లర్ మధ్యలో సీరియల్ పోర్టుకు ఒక అక్షరం పంపే కోడ్ పెట్టాను. దాంతో తప్పు మాయమైంది. ఆ కోడ్ తీసేస్తే మళ్లీ వచ్చింది. ఇంత గట్టి ఆధారం దొరికినా దాన్ని గుర్తించడానికి నాకు చాలా రోజులు పట్టింది. స్పార్క్ వెర్షన్ 8 మాన్యువల్‌ను మరొకసారి నెమ్మదిగా చదివినప్పుడు కారణం తెలిసింది: ఏ విండో వాడకూడదో చెప్పే ‘విమ్’ రిజిస్టర్‌లో రాసిన విలువ అమలులోకి రావడానికి మూడు ఇన్‌స్ట్రక్షన్ల వరకు ఆలస్యం కావచ్చు. నేను విలువ రాసిన వెంటనే ‘సేవ్’ వాడుతున్నాను కాబట్టి, పాత విలువ ప్రకారం ఇంకో ఓవర్‌ఫ్లో ట్రాప్ పుడుతోంది. ఎమ్యులేటర్‌లో ఆ ఆలస్యం ఉండదు. నేను ఇరికించిన అక్షరం కోడ్ ఆ వ్యవధిని తెలియకుండానే ఇచ్చింది.

ఆ చోట మూడు ‘నాప్’లు (ఏ పనీ చేయని ఇన్‌స్ట్రక్షన్లు) చేర్చి, వాటిని ఎందుకు తీయకూడదో పక్కనే వివరంగా రాశాను. తరవాత ఫంక్షన్ తనను తానే పిలుచుకునే వెయ్యి మెట్ల రికర్షన్ పరీక్ష పెట్టాను. అది పూర్తయి, సీరియల్ కన్సోల్ మీద నా షెల్ ప్రాంప్ట్ కనిపించింది.