రాగి ఎక్కడి నుంచి వచ్చింది?

విద్యుద్విశ్లేషణ (కరెంటు పంపి పదార్థాన్ని విడగొట్టడం) పాఠాన్ని నేను నిర్వచనంతో మొదలుపెట్టను. బీకరులో పలచటి నీలి రంగు కాపర్ సల్ఫేట్ ద్రావణం, అందులో రెండు పెన్సిల్ లెడ్‌లు, ఒక 9 వోల్టుల బ్యాటరీ. కాసేపటికే ఒక లెడ్ మీద ఎర్రటి రాగి పూత కనిపిస్తుంది, రెండోదాని దగ్గర ఆక్సిజన్ బుడగలు లేస్తాయి.

"ఈ రాగి ఎక్కడిది?" అని అడిగితే చాలామంది "తీగలోది సార్" అంటారు. ఆ తప్పు జవాబంటే నాకు ఇష్టం, అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. ఎలక్ట్రాన్లు నడిచేది తీగలో. ద్రావణంలో కదిలేవి అయాన్లు, అంటే విద్యుదావేశమున్న కణాలు. రాగి అయాను కాథోడ్ (బ్యాటరీ రుణ ధ్రువానికి కలిపిన లెడ్; రెండోది ఆనోడ్) చేరి, రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని లోహమవుతుంది. ఇది మనసుకెక్కేదాకా సమీకరణాలు రాయించను. (అయాన్, ఆనోడ్, కాథోడ్ అనే పేర్లను శాస్త్రవేత్త ఫారడే 1834లో వాడుకలోకి తెచ్చాడు.)

ఈసారి ఒక అమ్మాయి, "అయితే నీలం రంగు తగ్గాలి కదా సార్?" అంది. ఆ నీలం రాగి అయాన్లదే మరి. బ్యాటరీ తీయకుండా అలాగే ఉంచాను. సాయంత్రానికి నీలం బాగా వెలిసింది.