గీత దాటాక ఉన్న రోడ్డు

చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాల్లో ఒకటి బెంచీ సందులోంచి కింద పడిపోయింది. వంగి వెతుకుతున్నాను. అప్పుడే ఎవరో రొమ్ము మీద దిండుతో బలంగా కొట్టినట్టయింది. కూర్చున్న అల్యూమినియం బెంచీ వణికింది. తలెత్తేసరికి ఎదురుగా రోడ్డు ఖాళీ. ఎక్కడో దూరంగా రెండు కార్ల వెనక పారాచూట్లు విచ్చుకుని ఉన్నాయి.

"అయిపోయింది తాతయ్యా," అన్నాడు మనవడు. వాడి మొహం వెలిగిపోతోంది.

అమెరికాలో, ఫ్లోరిడాలోని టాంపా నుంచి ఐ-75 హైవే మీద రెండు గంటల పైన ప్రయాణం, గడ్డి మైదానంలో కారు పెట్టి ఎండలో నడక, తలకో టికెట్టు. రూపాయల్లోకి మార్చి చూసుకునే జబ్బు నాకింకా తగ్గలేదు. మూడో టికెట్టు దగ్గర లెక్క ఆపేశాను. ఇంతా చేస్తే చూడాల్సింది నాలుగు సెకన్లు కూడా లేదు, అదీ బెంచీ కింద గడిచిపోయింది.

కూతురింట్లో నెల రోజులున్నాను. డిస్నీ, బీచ్‌లు అందరూ రాసినవే, నన్ను అడక్కండి. గేన్స్‌విల్‌లో 1970 నుంచి దాదాపు ప్రతి ఏడూ మార్చి నెలలో గేటర్‌నేషనల్స్ అని డ్రాగ్ రేసులు, అంటే రెండేసి కార్లు పక్కపక్కన తిన్నటి రోడ్డు మీద పోటీపడే పరుగులు, జరుగుతాయి. "మామయ్యా, మీరు ఇంజిన్ల మనిషి కదా, ఒక్కసారి చూడండి," అని అల్లుడు బయల్దేరదీశాడు. నిజానికి నేను ఇంజిన్ల మనిషిని కాను. ముప్ఫై నాలుగేళ్ళు బస్సు డిపోలో పనిచేశాను, అందులో సగం పైన బ్రేకులూ చక్రాలే. బండి ఎంత వేగంగా పోతుందన్నది నాకెప్పుడూ రెండో ప్రశ్న.

తర్వాతి జతకి బిరడాలు ముందే దూర్చుకుని సిద్ధంగా కూర్చున్నాను. టాప్ ఫ్యూయల్ అంటారు ఈ పొడుగు సన్నకార్లని. ఒక్కోదాని ఇంజిన్ 11,000 హార్స్‌పవర్ ఉంటుందట. మా డిపోలో బస్సులన్నీ ఒక తాడుకి కట్టినా అంత రాదేమో. పసుపు లైట్లు మూడూ ఒకేసారి వెలిగాయి, పచ్చది పడింది, రెండూ లేచాయి. ఈసారి చూశాను. చూడకపోయినా బావుండేదనిపించింది. ఎడమవైపు కారు సగం దూరం దాటాక ఇంజిన్ దగ్గర భగ్గుమని పసుపు మంట, వెంటనే తెల్లటి పొగ. జనం ఒక్కసారి లేచి నిలబడ్డారు. పారాచూట్లు విచ్చుకున్నాయి, కారు ఆగింది. డ్రైవరు తనంతట తానే బయటికొచ్చి చెయ్యూపాడు.

చప్పట్లు అయ్యాక అందరూ ఉసూరుమన్నారు. "ఆయిల్‌డౌన్," అన్నాడు మనవడు విసుగ్గా. పేలిన ఇంజిన్ ఆయిలంతా రోడ్డు మీద పోసింది. అది తుడిచేదాకా ఆట లేదు. సగం బెంచీలు తినుబండారాల వైపు ఖాళీ అయిపోయాయి. అల్లుడు కూడా వెళ్ళి ముగ్గురికీ మూడు హాట్ డాగులు తెచ్చాడు. వాటి ధర చెప్పబోతే వద్దన్నాను.

నాకు మాత్రం అసలు ఆట అప్పుడే మొదలైంది.

మంట కనబడిన క్షణంలోనే ట్రక్కులు కదిలాయి. మొదటి ట్రక్కు ఆయిల్ వంక చూడకుండా సూటిగా డ్రైవరు దగ్గరికి పోయింది. మంటలార్పే సూట్లలో మనుషులు దిగి ఆయన్ని చుట్టుముట్టారు, ఇంకొకరు ఇంజిన్ మీదికి సీసా గురిపెట్టి నిలబడ్డారు. మనిషి క్షేమం అని తేలాకే రోడ్డు సంగతి. ఆయిల్ మీద పీల్చుకునే పొడి చల్లారు, చీపుళ్ళతో ఊడ్చారు, మందు పోసి కడిగారు, మిషన్లతో రుద్దారు, గాలి కొట్టి ఆరబెట్టారు. దాని మీద జిగురులాంటి ద్రావకం చల్లారు. ఆఖర్న ఓ ట్రాక్టరు, తిరగని టైర్లని రోడ్డుకి అదిమి ఈడ్చుకుంటూ మెల్లగా పోయింది, రబ్బరు పొర మళ్ళీ అంటుకోవడానికి. ఆ పైన ఒకాయన బూటు కాలితో అడుగడుగూ నొక్కి చూసుకుంటూ నడిచాడు. బూటు అతుక్కుని ఊడొస్తుంటే తృప్తిగా తలాడిస్తున్నాడు. ముప్ఫై అయిదు నిమిషాలు. రోడ్డు అంత బాగా తుడవడం నా జన్మలో చూడలేదు.

"మీరొక్కరే అటు చూస్తున్నారు," అన్నాడు పక్క సీటాయన. డెబ్బై దాటి ఉంటాయి, ఎండకి ఎర్రబడ్డ మెడ. ఇందాక నేను బెంచీ కింద వెతుక్కుంటుంటే జేబులోంచి కొత్త బిరడాల జత తీసిచ్చింది ఆయనే. ఆయన యాస నాకు సగమే అర్థమయింది, మిగతా సగం మనవడు తెలుగు చేశాడు. వాడి తెలుగులో కొంత నేను సరిచేసుకోవాల్సి వచ్చింది.

ఆయన ఓ చిన్న ఊరి ట్రాకులో ఇరవై ఏళ్ళు టెక్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడట. శుక్రవారం రాత్రుళ్ళు కుర్రాళ్ళు సొంత కార్లు తెచ్చుకుని పరిగెత్తిస్తారు. లైను దగ్గరికి వెళ్ళేముందు ప్రతి కారూ ఆయన్ని దాటాలి. "ముందేం చూస్తారు?" అని అడిగాను, హెల్మెట్టో సీటు బెల్టో అంటాడనుకుని. ఆయన రెండు చేతులూ ముందుకు చాపి గాల్లో ఏదో పట్టుకుని ఊపాడు. బ్యాటరీ. అది కదిలితే కారు వెనక్కే. వేగం అందుకునేటప్పుడు కట్టు తెగిన బ్యాటరీ ఎటు పడుతుందో ఎవరికీ తెలీదు. ఆ తర్వాత చక్రాల నట్లు, లీకులు, రేడియేటర్లో ఏముందో. నీళ్ళు గడ్డకట్టకుండా వేసే మందు కలిపిన కూలెంట్ రోడ్డు మీద పడితే ఆయిలంత జారుతుంది, కడిగినా ఓ పట్టాన పోదు, అందుకని ఉత్త నీళ్ళే ఉండాలంటారు చాలాచోట్ల. పావు మైలు 13.99 సెకన్లలోపు కొట్టే కారుకి హెల్మెట్టు తప్పదు. ఇంకా వేగం పెరిగేకొద్దీ, కారు తిరగబడితే తల కాచే ఇనప కమ్మీ రోల్ బారు, తర్వాత డ్రైవరు చుట్టూ పూర్తి పంజరం, మంటకి ఆగే సూటు.

నేను సుత్తి సంగతి చెప్పాను. గేటు దాటే ప్రతి బస్సు చక్రం నట్ల మీదా చిన్న సుత్తితో కొట్టుకుంటూ వెళ్ళేవాణ్ణి. బిగువుగా ఉంటే టంగుమంటుంది, వదులుగా ఉంటే మొద్దు శబ్దం. మనవడు 'మొద్దు శబ్దం' అన్నది ఇంగ్లీషులో ఏం చెప్పాడో గానీ, పెద్దాయన మోకాలి మీద చరుచుకుని నవ్వాడు. పండగ రద్దీలో ఒకసారి నేను బస్సు ఆపేస్తే, డెబ్బైమంది ప్రయాణికులు, డ్రైవరు, కండక్టరు, పైన మేనేజరు అందరూ కలిసి నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ వరసగా అప్పజెప్పగలను. ఆయనదీ అదే బాధ. రెండొందల మైళ్ళు కారు లాక్కొచ్చిన కుర్రాడికి, నీ బ్యాటరీ సాగే తాడుతో కట్టావు, ఇవాళ నీకు రేసు లేదు అని చెప్పాలి. "నా పేరు అక్కడెవరికీ తెలీదు, అందరూ 'వద్దు' అనే పిలిచేవాళ్ళు," అన్నాడు.

ముందురోజు ఒకాలాలో చూసిన మ్యూజియం ఆయన మాటలకి మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. ఐ-75 పక్కనే, 'బిగ్ డాడీ' అని పిలిచే పాతతరం డ్రాగ్ రేసరు డాన్ గార్లిట్స్ మ్యూజియం. నల్లకార్లు వరసగా ఉన్నాయి. పాతవాటిలో ఇంజిన్ ముందు, డ్రైవరు వెనక ఇరుసు అవతల. గేరుబాక్సు కాళ్ళ మధ్య. చూడగానే నాకు చెమట పట్టింది, ఏదైనా పేలితే ఎటొస్తుందో నాకు తెలుసు కాబట్టి. సరిగ్గా అదే జరిగింది. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ ట్రాకులో ట్రాన్స్‌మిషన్ పేలి కారు రెండు ముక్కలై, గార్లిట్స్ కుడి పాదంలో కొంత పోయింది. ఆసుపత్రి మంచం మీదే ఆయన ఇంజిన్ని తన వెనక్కి పంపే ఆలోచన మొదలుపెట్టాడు. అంతకుముందూ కొందరు ప్రయత్నించారు గానీ అలాంటి కారు తిన్నగా పోయేది కాదు. చివరికి మందు ఎంత చిన్నదో చూడండి: స్టీరింగ్ నిష్పత్తి మార్చి, చక్రం తిప్పినంత త్వరగా ముందు టైర్లు తిరక్కుండా చేశారు. 1971లో ఆ కారు గెలవడం మొదలుపెట్టాక కొన్నేళ్ళలో అందరూ అటే మారారు. గెలవకపోయి ఉంటే మారేవాళ్ళా అని అల్లుణ్ణి అడిగాను. జవాబు చెప్పలేదు.

పాత కార్ల దగ్గర ఇంకోటి చదివి ఆశ్చర్యపోయాను. 1963లో ఈ లైట్ల స్తంభం రాకముందు, రెండు కార్ల నడుమ ఒక మనిషి జెండా పట్టుకుని నిలబడి ఎగిరి ఊపేవాడట. రెండు కార్ల నడుమ!

"అంతా అలాగే నేర్చుకున్నాం," అన్నాడు పెద్దాయన. చూపుడువేలు పరుగు ముగిసే గీత వైపు చాపాడు. ఈ పెద్ద కార్లు ఒకప్పుడు పావు మైలు, అంటే 1,320 అడుగులు పరిగెత్తేవి. 2008 జూన్ 21న న్యూజెర్సీలో ఇంగ్లిష్‌టౌన్ ట్రాకులో స్కాట్ కలిటా అనే డ్రైవరు కారు ఇంజిన్ గీత దగ్గర పేలింది. పారాచూట్లు పనిచెయ్యలేదు. కారు ఆగాల్సిన చోటంతా దాటి ఇసుక మడి మీంచి అవతలికి పోయింది, ఆయన బతకలేదు. జులైలోనే, నైట్రోమీథేన్ ఇంధనంతో నడిచే ఈ నైట్రో కార్ల పరుగు 1,000 అడుగులకి తగ్గించారు. కోసేసిన 320 అడుగులూ ఆగే రోడ్డులో కలిశాయి. కొన్నాళ్ళే అనుకున్నారట, అలాగే ఉండిపోయింది. పావు మైలు లేని డ్రాగ్ రేసేమిటని గొణిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారట. తనూ మొదట్లో గొణిగాడట.

అప్పుడు గమనించాను. పరుగు కన్నా ఆగే రోడ్డే పొడుగు. చివర్న ఇసుక, ఆపైన వలలు. గంటకు 330 మైళ్ళు, అంటే 530 కిలోమీటర్ల పైన పోయే బండికి ముందు చక్రాలకి అసలు బ్రేకులే లేవని మనవడు చెప్తే నమ్మలేదు. పెద్దాయన అవునన్నాడు. కార్బన్ బ్రేకులు వెనకే, మిగతాది రెండు పారాచూట్ల మీద భారం. గీత దాటాక డ్రైవరు స్పృహలో లేకపోయినా ఇంధనం ఆపి, పారాచూట్లు విప్పే సిగ్నల్ పరికరం కూడా ట్రాక్ పక్కన పెట్టారట. బ్రేకుల మనిషికి రాత్రి నిద్రపట్టడానికి అది చాలదు గానీ, కొంత నయం.

మా ఊళ్ళో సంక్రాంతికి ఎడ్ల బండలాగుడు పోటీలుండేవి. గిరికి రెండువైపులా ఒక కొబ్బరితాడు కట్టేవాళ్ళు, జనం దాని మీదికి వాలిపోయేవాళ్ళు. ఎడ్లు అటు తిరిగితే అటు జనం చెల్లాచెదురు. నేనూ ఆ తాడు పట్టుకునే పెరిగాను. ఆ మాట చెప్తే పెద్దాయన నవ్వలేదు. 2007లో టెనసీ రాష్ట్రం సెల్మర్‌లో ఓ ఊరేగింపు సంబరంలో డ్రాగ్ కారు మామూలు రోడ్డు మీద టైర్లు కాలుస్తూ అదుపు తప్పి జనంలోకి దూసుకెళ్ళింది, ఆరుగురు పోయారు. 2021లో టెక్సస్ కెర్‌విల్‌లో విమానాల రన్‌వే మీద పెట్టిన రేసుల్లో ఆరేళ్ళ, ఎనిమిదేళ్ళ పిల్లలు ఇద్దరు. "ట్రాకు అంటే రోడ్డు కాదు," అన్నాడు, మా ముందు పొడుగునా ఉన్న సిమెంటు గోడ వైపు చూపిస్తూ. "అది ట్రాకు." మనవడు ఇది తెలుగు చేయలేదు. అక్కర్లేకపోయింది.

మధ్యాహ్నం రేసు కార్లని విప్పి బిగించుకునే పిట్స్‌లోకి వెళ్ళాం. టికెట్టున్నవాళ్ళందరికీ అక్కడికి ప్రవేశం ఉంది, ఆ ఒక్కదానికీ డబ్బు గిట్టిందనుకున్నాను. ప్రతి పరుగు తర్వాతా ఇంజిన్ మొత్తం విప్పి గంటలోనే మళ్ళీ బిగిస్తారు. ఒకచోట ఇంజిన్ స్టార్టు చేశారు. నైట్రోమీథేన్ పొగ కళ్ళలోకి, గొంతులోకి పచ్చి మిరపకాయలు కాల్చినట్టు కొట్టింది. జనం నవ్వుకుంటూ, దగ్గుకుంటూ వెనక్కి పరిగెత్తారు. అల్లుడు అందరికన్నా ముందు.

డ్రైవరు సంతకాల కోసం మనవడు క్యూలో నిలబడ్డాడు. నేను ట్రైలరు వెనకవైపు తాడు దగ్గర ఆగిపోయాను. అక్కడ పాతికేళ్ళ కుర్రాడొకడు నేల మీద పరదా పరిచి పారాచూట్ మడుస్తున్నాడు. గుడ్డ మడత మీద మడత వేసి అరచేత్తో గాలి నొక్కేస్తున్నాడు. తాళ్ళు ఒక్కొక్కటే వేళ్ళ మధ్య జార్చుకుంటూ చిక్కుందేమో చూస్తున్నాడు. సంచీలో దూర్చి మోకాలితో అదిమి, పిన్ను పెట్టబోయి ఆగాడు. ఒక్క క్షణం ఆలోచించాడు. మొత్తం బయటికి లాగేసి మొదట్నుంచి మళ్ళీ పరిచాడు.

"తాతయ్యా, మన వంతొచ్చేస్తోంది, ఫోటో కావాలా వద్దా?" అని అరుస్తున్నాడు మనవడు.

నువ్వు కానిచ్చెయ్యి నాన్నా, ఇతను పిన్ను పెట్టాక వస్తానన్నాను.