ఘటోత్కచుడి పిడికిలి ఇంకా లొంగలేదు

నేను వేస్తున్న బొమ్మలో ముఖం వచ్చేసింది. మీసం, ఎగేసిన కనుబొమ్మ, ఎస్వీ రంగారావు గారి ఆ చూపు ఒక్క సాయంత్రంలో కుదిరాయి. చావంతా పిడికిలి దగ్గరే.

బొమ్మ 1957 ‘మాయాబజార్’లో ఘటోత్కచుడిది. మోకాళ్ల దాకా ఉంటాడు. గద కుడి భుజం మీద ఆనించి ఉంది, దాన్ని పట్టుకున్న పిడికిలి మన వైపుకు వస్తోంది. కంప్యూటర్లో బొమ్మలేసే క్రిటా అనే సాఫ్ట్‌వేర్‌లో ఏ3 సైజు, అంగుళానికి 300 చుక్కలు (డీపీఐ), అంటే 3508 × 4961 పిక్సెళ్లు. లైనింగ్, అంటే రఫ్ మీద అసలు గీతలు గీయడం, అయ్యాక మామూలుగా బొమ్మలేసే మా వాళ్లకి పంపాను. సగం మంది ‘సూపరన్నా’ అన్నారు, సంతోషం, దాంతో చేసేదేమీ లేదు. ఒకతను ‘చెయ్యి మరీ పెద్దదైంది’ అన్నాడు. ఇంకొకతను ‘చెయ్యి పొట్టిగా ఉంది, లాగు’ అన్నాడు. మా నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఒకప్పుడు సినిమా బ్యానర్లు రాసి, ఇప్పుడు షాపుల బోర్డులు రాస్తున్నాడు. ఫోన్‌లో బొమ్మ చూపిస్తే కళ్లు సగం మూసి, ‘ఏందబ్బయా, ఆ చెయ్యి ఆయంది కాదే, ఎవురో పక్కన నిలబడి దూర్చినట్టుండాది’ అన్నాడు.

ముగ్గురూ వేలు పెట్టింది ఒకే చోట. చెప్పిన మందు మాత్రం మూడు రకాలు. ఇలాంటప్పుడు ఏ మందూ వాడకుండా ముందు ఆ చోటు కొలవాలి. క్రిటాలో కొలిచే మెజర్ టూల్ ఉందని చాలామంది పట్టించుకోరు గానీ పొడవు, కోణం రెండూ చెబుతుంది. నన్నడిగితే వంద కొత్త బ్రష్‌ల కంటే అదే మేలు.

ముందు పిడికిలి. గడ్డం నుంచి జుట్టు మొదలయ్యే చోటుకి బొమ్మలో 640 పిక్సెళ్లు. నా ముఖం స్కేలుతో కొలిస్తే 18 సెంటీమీటర్లు, పిడికిలి నాలుగు కణుపుల మీదుగా 9. అంటే ముఖం ఉన్నంత దూరంలోనే పిడికిలి ఉంటే దాని వెడల్పు 320 రావాలి. బొమ్మలో 520 ఉంది, ఒకటిన్నర రెట్లకు పైమాటే. పిడికిలి ముఖం కంటే 40 సెంటీమీటర్లు ముందుకొచ్చింది అనుకుంటే, అంత పెద్దగా కనబడాలంటే చూసేవాడు దాదాపు మీటరు దూరంలో నిలబడాలి. కానీ భుజాలు, నడుము చూస్తే మూడు మీటర్ల అవతల నుంచి చూసినట్టు చదునుగా ఉన్నాయి. ఒకే బొమ్మలో రెండు కెమెరాలు! మూడు మీటర్ల లెక్కకు పిడికిలి 370 చాలు. ‘పెద్దదైంది’ అన్నవాడి మాట ఈ లెక్కన నిజమే.

370కి తగ్గించాను. ఘటోత్కచుడు కాస్తా బడి నాటకంలో అట్టగద పట్టిన పిల్లాడైపోయాడు. పరువంతా పోయింది. మళ్లీ 430కి తెచ్చి, భుజాలను ఆకారం మార్చే ట్రాన్స్‌ఫార్మ్ టూల్‌తో రవ్వంత వంచి, గద వైపు భుజాన్ని ముందుకు తెచ్చాను. కొంచెం నయం.

తర్వాత గద కాడ. పిడికిలికి పైన కాడ మందం 118, కోణం 61 డిగ్రీలు. కింద 109, 56 డిగ్రీలు. అంటే కాడ పిడికిలి లోపల విరిగిపోయింది. పైగా కింది కొస మనకు దగ్గర, అది లావుగా ఉండాలి, ఇక్కడ తిరగబడింది. పిడికిలి గీసిన లేయర్ (పొర) దాచేసి కాడను పైనుంచి కిందకు ఒకే ముక్కగా గీసి, పైన 112, కింద 122 చేశాను. వేళ్లను దాని చుట్టూ మళ్లీ చుట్టాను. ఈ ముక్క మాత్రం ఖాయంగా బాగుపడింది.

అయినా ఆ ‘పక్కన నిలబడి దూర్చిన చెయ్యి’ పోలేదు. కీబోర్డులో ఎం నొక్కి అద్దంలోలా తిప్పినా అంతే, నలుపు తెలుపు చేసినా అంతే. నీడ అనుమానించి, నీడలు వేసిన మల్టిప్లై లేయర్ మొత్తం ఆపేశా, తేడా లేదు. లైన్ మందం అనుమానించి ముందున్న గీతలు 9 పిక్సెళ్లు, వెనకవి 5 చేశా. అందంగా అయితే అయింది, జబ్బు అలాగే ఉంది.

చివరికి కంకణం దగ్గర దొరికిందనుకుంటున్నా. ముంజేయి, మోచేయి నుంచి మణికట్టుకు నాది 26 సెంటీమీటర్లు. బొమ్మ స్కేలులో అది సుమారు 925 పిక్సెళ్లు. గీసింది 610. అంటే 0.66 వంతు. ఆ లెక్కన చెయ్యి మన వైపుకు 49 డిగ్రీలు తిరిగి ఉండాలి. చెయ్యి మన వైపుకు తిరిగే కొద్దీ కంకణం గుండ్రంగా, పక్కకు ఉంటే సన్నటి ఎలిప్స్ (కోలగుండ్రం)లా కనబడుతుంది. నా బొమ్మలో మణికట్టు మీది కంకణం ఎలిప్స్ మాత్రం 330 పొడవు, 96 ఎత్తు, అంటే 0.29. ఆ సన్నటి ఎలిప్స్ చెయ్యి తిరిగింది 17 డిగ్రీలే అంటోంది. ముంజేయి ఒక మాట, కంకణం ఇంకో మాట! చూసేవాడికి లెక్కలు తెలియకపోయినా కన్ను పట్టేస్తుంది. ‘పొట్టిగా ఉంది’ అన్నవాడి బాధ ఇదే అయ్యుండాలి. కంకణం చెయ్యి పక్కకు ఉందని చెబుతుంటే, పక్కకు ఉన్న చెయ్యి ఇంత పొట్టిగా ఎందుకుందని అతనికి అనిపించింది. అతని మాట విని లాగి ఉంటే బొమ్మ ఇంకా పాడయ్యేది. చోటు చెప్పినందుకు మాత్రం టీ బాకీ.

49 డిగ్రీలకు ఎలిప్స్ 0.75 ఉండాలి, అంటే ఎత్తు 248. మార్చాను. చెయ్యి ఒక్కసారిగా ముందుకు దూకింది. పెద్దాయనకు మళ్లీ చూపించా. ‘ఇప్పుడు ఆయన చెయ్యే. కానీ మోచెయ్యి యాడుండాది?’ అన్నాడు. అదీ నిజమే. ముంజేయి కండ మోచేతిని కప్పాలి, మోచెయ్యి పై జబ్బను కప్పాలి. నా బొమ్మలో మూడూ పక్కపక్కన క్యూలో నిలబడ్డట్టున్నాయి. ఇప్పుడు పని అక్కడ ఆగింది.

రంగుల మీద వచ్చిన మాటలు వేరే కథ. ‘అసలు రంగు ఇది కాదన్నా’ అని ఒకరు. సినిమా నలుపు తెలుపు, రంగులద్దిన ప్రింటు వచ్చింది 2010లో. దానికి దగ్గరగా ఉండాలని ఎవరైనా అంటే, అది పాత్ర మీద అభిమానంతో అడిగే మాట, బొమ్మలో లోపం కాదు. రెండూ కలిపి చెబితే వేసేవాడికి ఏది దిద్దాలో తెలీదు. ‘పసుపు కొట్టేస్తోంది’ అన్న ఇంకొకరి ఫోన్‌లో రాత్రిపూట కళ్లకు హాయిగా ఉండే మోడ్ ఆన్‌లో ఉంది! రంగు మీద మాట్లాడే ముందు అది ఆపండి. పంపేవాళ్లు కూడా ఫొటోగా కాకుండా ఫైల్‌గా పీఎన్‌జీ పంపండి, లేకపోతే సన్న గీతలన్నీ నలిగిపోతాయి.

నేను చెప్పే వంతు కూడా వచ్చింది. కావలి నుంచి ఇంటర్ చదివే ఒక చెల్లెలు అనిమే తరహాలో శశిరేఖను వేసి పంపింది, ఫోన్‌లో బొమ్మలేసే ఐబిస్ పెయింట్ యాప్‌లో, వేలితో. పెన్ను లేకుండా ఆ జడ ఎలా వేసిందో నాకు అర్థం కాలేదు. కళ్ల గురించి చెప్పబోతే ‘అన్నా, అది స్టైల్’ అంది. కళ్లు పెద్దవి కావడం స్టైలే, ఒప్పుకున్నా. ముఖం మూడొంతులు తిరిగి ఉంది కదా, అవతలి కన్ను సన్నగా ఉండాలి. ఆమె బొమ్మలో ఇవతలిది 188 వెడల్పు, అవతలిది 212. ‘స్టైల్ అయితే ఉండనీ అమ్మా, కానీ కావాలనే చేశావా?’ అని అడిగా. కాసేపటికి అవతలి కన్ను 160 చేసి పంపింది. ముఖం తిరిగింది. ఆమె అడగకుండా బొమ్మ మీద నేను ఎర్రగీతలు గీయలేదు. నా బొమ్మ మీద ఎవరైనా అలా గీస్తే నాకు ఒళ్లు మండుతుంది. అడిగి గీస్తే మాత్రం పండగే.

ఇకనుంచి బొమ్మతో పాటు ఒక ప్రశ్న కూడా పంపుతా. ‘ఎలా ఉంది’ అని కాదు, ‘మోచెయ్యి ఎంత దూరంలో ఉన్నట్టుంది’ అని. రఫ్ దశలోనే పంపుతా. లైనింగ్ అయ్యాక వచ్చే మంచి సలహా వింటుంటే ఏడుపొస్తుంది.

ఈ ఆదివారం చీపురుకర్ర భుజాన పెట్టుకుని మూడు మీటర్ల నుంచి టైమర్‌తో ఫొటోలు తీసుకుంటా, మోచేతి కోసం. 3డీ బొమ్మను వంచి ఫోజు పెట్టుకోవచ్చంటారు గానీ వాటి కండలు రబ్బరులా ఉంటాయి, నాకు నచ్చవు. ఇది తేలాక విందు సీన్ మొదలుపెట్టాలి. బోలెడన్ని పళ్లాలు, అన్నీ ఎలిప్స్‌లే. ఈసారి ముందే కంటి ఎత్తు గీత గీసుకుని, ఒక్కో పళ్లానికీ నిష్పత్తి రాసుకుని దిగుతా.